ప్రత్యక్ష ప్రసారానికి క్లౌడ్ సంస్థల బిల్లు: హాలు అద్దె, విస్తళ్ల లెక్క

మాస్టారికి నమస్కారం. విజయనగరంలోని మీ సంగీత పాఠశాల తరఫున త్యాగరాజ ఆరాధన సందర్భంగా మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున జరిగే కచేరీలను, టికెట్ కొన్నవారికి మాత్రమే మీ సొంత వెబ్‌సైటులో ప్రత్యక్షంగా చూపించాలనుకుంటున్నట్టు రాశారు. మూడు సంస్థల ధరలు తెప్పించుకుంటే ఒకరు గంటకు ఇంత అనీ, ఒకరు జీబీకి ఇంత అనీ, మరొకరు వెయ్యి నిమిషాలకు ఇంత అనీ చెప్పారనీ, ఐదు వందల మంది నమోదు చేసుకుంటారని అనుకుంటే వీటిలో ఏది చవకో తేలడం లేదనీ అడిగారు. పన్నెండేళ్లుగా మన రెండు జిల్లాల్లో పెళ్లిళ్లకూ, ఉత్సవాలకూ, సభలకూ ప్రసారాలు చేస్తూ ఈ బిల్లులను నా చేతి మీదుగా కట్టినవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక మాట. టికెట్ పెట్టకుండా అందరికీ చూపించే ఉద్దేశమే ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. యూట్యూబ్‌లో ప్రసారం చేసేవారి నుంచి ఆ సంస్థ ఏమీ తీసుకోదు. కొత్త ఛానల్‌కు ప్రత్యక్ష ప్రసార అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు కనుక ఒకటి రెండు రోజుల ముందే ఆ పని చేసిపెట్టుకుంటే చాలు. అయితే జాబితాలో కనిపించకుండా లింకు ఉన్నవారికే కనిపించేలా పెట్టినా అది తాళం కాదు. ఒకరు వాట్సాప్ గ్రూపులో పెడితే ఊరంతా చూస్తుంది. మీరు టికెట్ అంటున్నారు కాబట్టి డబ్బు చెల్లించే సేవల సంగతే చూద్దాం.

ఈ వ్యవహారాన్ని మన పెళ్లి ఖర్చుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కల్యాణ మండపానికి ఇచ్చే అద్దె ఒకటి, భోజనాలకు అయ్యే ఖర్చు ఒకటి. మండపం అద్దె వందమంది వచ్చినా, వెయ్యిమంది వచ్చినా ఒకటే. పెళ్లి అయిపోయాక తాళాలు అప్పగించకపోతే మాత్రం రెండో రోజు అద్దె కూడా పడుతుంది. భోజనాలది విస్తళ్ల లెక్క. ఎన్ని విస్తళ్లు లేస్తే అంత. క్లౌడ్ ప్రసారంలో, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే సర్వర్ల ద్వారా చేసే ప్రసారంలో, మీ కెమెరా నుంచి వచ్చిన దృశ్యాన్ని అందుకుని, రకరకాల నాణ్యతలలోకి మార్చే పని మండపం అద్దె వంటిది. ఆ మార్చినదాన్ని ఒక్కొక్క ప్రేక్షకుడికి చేరవేయడం విస్తరి వంటిది. మీకు వచ్చిన మూడు ధరల్లో గంట లెక్క మొదటిదానికి సంబంధించినది, జీబీ లెక్క, నిమిషాల లెక్క రెండోదానికి సంబంధించినవి. ఒకదానితో ఒకటి పోల్చదగినవి కానివాటిని పక్కపక్కన పెట్టుకుని చూశారు కనుకనే తేలలేదు.

మండపం అద్దె వైపు ముందు చూద్దాం. అమెజాన్ వారి మీడియాలైవ్ అనే సేవలో లోపలికి వచ్చే ప్రసారానికీ, బయటికి వెళ్లే ఒక్కొక్క నాణ్యతకూ గంటల లెక్కన విడివిడిగా ధర పడుతుంది. ఆ ధర కోడెక్‌ను (దృశ్యాన్ని కుదించే పద్ధతిని) బట్టి, చిత్రం పరిమాణాన్ని బట్టి, బిట్‌రేటును (సెకనుకు పంపే సమాచారాన్ని) బట్టి మారుతుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఏమిటంటే, 720పీ చిత్రం (పీ ముందున్న సంఖ్య చిత్రం ఎత్తులోని గీతల లెక్క) కూడా వారి పట్టికలో హెచ్‌డీ తరగతిలోనే పడుతుంది. అంతకన్నా చిన్నదే ఎస్‌డీ అవుతుంది. కనుక 1080పీని 720పీకి తగ్గించినంత మాత్రాన ఈ పద్దులో తరగతి మారదు, 480పీకి దిగితేనే మారుతుంది. ఇంకొకటి, ఒక సర్వరు చెడిపోయినా ప్రసారం ఆగకుండా రెండు దారుల్లో ఏకకాలంలో నడిపే పద్ధతి అందులో సాధారణ ఎంపికగా ఉంటుంది. మీ అవసరానికి ఒక దారి చాలు, దాని ధర తక్కువ. అదే సంస్థ 2020లో తెచ్చిన ఐవీఎస్ అనే సేవలో ఈ లెక్క చాలా సరళం: స్టాండర్డ్ రకం ఛానల్‌కు మీరు ప్రసారం పంపిన ప్రతి గంటకూ 2 డాలర్లు, నాణ్యతలు మార్చకుండా వచ్చినదాన్ని వచ్చినట్టే పంపే బేసిక్ రకానికి గంటకు 20 సెంట్లు. మీ పన్నెండు గంటలకు స్టాండర్డ్‌లో 24 డాలర్లు అవుతుందన్నమాట. క్లౌడ్‌ఫ్లేర్ వారి స్ట్రీమ్ సేవలో ఈ మండపం అద్దె అసలే లేదు. అంతా చేరవేతలోనూ, నిల్వలోనూ కలిపేశారు. అజూర్ మీడియా సర్వీసెస్ గురించి పాత వ్యాసాల్లో చదివి ఉంటే దాన్ని మరచిపోండి, 2024 జూన్ 30తో ఆ సేవను మూసివేశారు.

మండపం తాళాల సంగతి చెప్పాను కదా, దానికి నా సొంత అనుభవం ఒకటి ఉంది. పలాస దగ్గర ఒక పెళ్లికి మూడు గంటల ప్రసారం చేసి, ముహూర్తం అయ్యాక ఎన్‌కోడరు (కెమెరా దృశ్యాన్ని ఇంటర్నెట్‌కు పంపే పరికరం) కట్టేసి, కేబుళ్లు చుట్టుకుని, భోజనం చేసి ఇంటికి వచ్చేశాను. ఎన్‌కోడరు ఆపితే ప్రసారం ఆగినట్టే కదా అనుకున్నాను. ఆ సేవలో ఛానల్‌ను, అంటే అవతల సర్వరులో నడిచే ప్రసారపు అమరికను, విడిగా ఆపాలి. ఆపకపోతే లోపలికి ఏ దృశ్యమూ రాకపోయినా, నల్లటి తెరను కూడా శ్రద్ధగా మూడు నాణ్యతల్లోకి మారుస్తూ కూర్చుంటుంది. పదకొండు రోజుల తరువాత గమనించాను. మూడు గంటల పనికి రెండు వందల అరవై గంటలకు పైగా అద్దె కట్టాను, పెళ్లివారి దగ్గర అడగలేను కదా. అందుకే గంటల లెక్కన అద్దె తీసుకునే ఏ సేవ ఎంచుకున్నా మొదట తెలుసుకోవలసినది గంటకు ఎంత అని కాదు, గడియారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుంది అని. ఐవీఎస్ వంటి వాటిలో మీరు దృశ్యం పంపుతున్నంతసేపే తిరుగుతుంది. మీడియాలైవ్ వంటి వాటిలో ఛానల్ నడుస్తున్నంతసేపూ తిరుగుతుంది, ఆపి తొలగించకుండా ఉంచితే స్వల్పంగానైనా నిలుపుదల రుసుము పడుతూనే ఉంటుంది. బడ్జెట్ హెచ్చరికలు పెట్టుకోవచ్చు, పెట్టుకోండి కూడా; అయితే ఆ హెచ్చరికలు గంటలు ఆలస్యంగా వస్తాయి, పైగా వాటంతట అవి దేన్నీ ఆపవు.

ఇప్పుడు విస్తళ్ల దగ్గరకు వద్దాం, ఎందుకంటే అసలు ఖర్చు ఇక్కడే ఉంది. చూసేవారు కొన్ని పదుల మంది దాటితే మండపం అద్దె పక్కకు పోయి చేరవేత ఖర్చే బిల్లులో పెద్ద భాగమవుతుంది. దీనికి నేను వాడే కొలమానం ఒక్కటే: ఒక ప్రేక్షకుడు ఒక గంట చూస్తే నాకెంత పడుతుంది. దాన్ని ప్రేక్షక గంట అందాం. మీకు ఐదు వందల మంది నమోదైనా అందరూ అన్ని సాయంత్రాలూ మొదటి నుంచి మంగళం వరకు కూర్చోరు. సగటున ఏ క్షణంలోనైనా మూడు వందల మంది ఉంటారని అనుకుంటే పన్నెండు గంటలకు 3,600 ప్రేక్షక గంటలు, అంటే 2,16,000 నిమిషాలు. నమోదైనవారి సంఖ్యకూ బిల్లుకూ సంబంధం లేదు. ఎంతసేపు చూశారన్నదే లెక్క.

నిమిషాల లెక్క తీసుకునేవారి విషయంలో ఇక చేయవలసింది ఒక్క గుణకారమే. క్లౌడ్‌ఫ్లేర్ స్ట్రీమ్‌లో చేరవేసిన ప్రతి వెయ్యి నిమిషాలకు 1 డాలరు, నిల్వ చేసిన ప్రతి వెయ్యి నిమిషాలకు నెలకు 5 డాలర్లు. మీ 2,16,000 నిమిషాలకు 216 డాలర్లు, మూడు రోజుల రికార్డింగు 720 నిమిషాలే కనుక నిల్వకు ఒక 5 డాలర్లు, వెరసి 221. ఇందులో చిత్రం 1080పీ అయినా 360పీ అయినా ధర ఒకటే. అంటే ప్రేక్షక గంటకు 6 సెంట్లు, దానిలో మార్పు లేదు.

జీబీ లెక్కకు ఒక మెట్టు ఎక్కువ. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు పంపితే 3,600 మెగాబిట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కనుక 450 ఎంబీ, అంటే 0.45 జీబీ. ఈ ఒక్క సంఖ్య గుర్తుంచుకుంటే మిగతాదంతా నోటి లెక్కే. 720పీలో చిత్రానికి 2.5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), శబ్దానికి 192 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) పెట్టారనుకోండి. ప్రేక్షక గంటకు సుమారు 1.21 జీబీ, మొత్తం 3,600 గంటలకు 4,360 జీబీ దాకా అవుతుంది. అమెజాన్ వారి చేరవేత సేవ క్లౌడ్‌ఫ్రంట్‌ను వాడకం మేరకు చెల్లించే పద్ధతిలో తీసుకుంటే నెలకు మొదటి 1 టీబీ ఉచితం, ఆ పైన భారతదేశంలోని ప్రేక్షకులకు జీబీకి 10.9 సెంట్లు. ఆ ప్రకారం మీకు సుమారు 366 డాలర్లు వస్తుంది, దీనికి మండపం అద్దె అదనం. నిమిషాల లెక్కకన్నా ఇది బాగా ఎక్కువ.

ఇక్కడితో ఆగితే నిమిషాల సేవే చవకని తేల్చేయవచ్చు. కాని కచేరీ అంటే క్రికెట్ కాదు. వేదిక మీద విద్వాంసుడు కూర్చుని ఉంటారు, పక్కన వయొలిన్, మృదంగం. చిత్రంలో కదలిక తక్కువ, వెనుక ఉన్న తెర మారదు. ఇటువంటి దృశ్యాన్ని 480పీలో 900 కేబీపీఎస్‌తో పంపినా ఫోనులో చూసేవారికి లోటు కనిపించదు. శబ్దంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. బొబ్బిలి వీణ మీద ఒక గమకం సాగుతుంటే తీగ నాదం తరుగుతూ పోయే ఆ చివరి భాగాన్ని తక్కువ బిట్‌రేటు మింగేస్తుంది. అందుకని శబ్దాన్ని 192 దగ్గరే ఉంచి చిత్రాన్ని 900కు దించండి. ప్రేక్షక గంటకు 0.49 జీబీ, మొత్తం 1,770 జీబీ, ఉచితం పోగా సుమారు 770 జీబీకి 84 డాలర్లు. ఐవీఎస్‌లో స్టాండర్డ్ ఛానల్‌కు పడే 24 డాలర్లంత అద్దెనే దీని పక్కన ఊహించుకున్నా నిమిషాల లెక్కలో సగమే. శబ్దం మాత్రమే వినే ఎంపిక కూడా ఇస్తే, దాన్ని ఎంచుకున్నవారికి గంటకు 0.09 జీబీ కూడా పడదు. కళ్లు మూసుకుని వినేవారు మీ శ్రోతల్లో తప్పక ఉంటారు.

ఉచిత భాగాన్నీ, మండపం అద్దెనూ పక్కన పెట్టి రెండు పద్ధతులూ ఎక్కడ సమానమవుతాయో చూస్తే, 6 సెంట్లను 10.9తో భాగించగా 0.55 జీబీ, అంటే 1.2 ఎంబీపీఎస్ దగ్గర. మీ ప్రేక్షకుల సగటు బిట్‌రేటు దానికన్నా తక్కువైతే జీబీ లెక్క మీకు లాభం, ఎక్కువైతే నిమిషాల లెక్క లాభం. నన్ను ఈ ప్రశ్న అడిగిన ప్రతివారికీ ఈ గీతనే చూపిస్తాను. మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వంటిదైతే నా సలహా తలకిందులవుతుంది. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఆ జనం, ఆ సిరిమాను ఊగడం, పూలు, రంగులు, చిత్రంలో ప్రతి అంగుళమూ కదులుతుంది, 900 కేబీపీఎస్‌లో అదంతా ముద్దవుతుంది, 3 ఎంబీపీఎస్‌కు తగ్గి చూపించలేము. అటువంటిదానికి నిమిషాల లెక్కే దిక్కు.

ప్రేక్షకులు ఎక్కడ ఉన్నారన్నది కూడా జీబీ ధరను మారుస్తుంది, అది మనం అనుకునే దిశలో మారదు. క్లౌడ్‌ఫ్రంట్‌లో అమెరికా, ఐరోపా ప్రేక్షకులకు జీబీకి 8.5 సెంట్లే. 1919 నుంచి నడుస్తున్న మహారాజా సంగీత కళాశాలలో చదివి డల్లాస్‌లో స్థిరపడినవారికి మీ కచేరీ చేరవేయడం కన్నా, ఇక్కడ ఆమదాలవలసలో కూర్చున్నవారికి చేరవేయడమే ఖరీదు. గల్ఫ్‌లో ఉన్న మన ఉద్దానం వాళ్లకు 11 సెంట్లు, దాదాపు మనతో సమానం. టికెట్లు అమ్మేటప్పుడు ఏ దేశం నుంచి కొంటున్నారో అడిగి ఉంచుకుంటే అంచనా ఇంకా దగ్గరగా వస్తుంది. నిమిషాల లెక్కన ఒకే ధర పెట్టిన సేవల్లో ఈ తేడా ఉండదు.

పెద్ద చేరవేత సంస్థలు కొన్ని ఒప్పందాల్లో 95 శాతం పద్ధతి అని ఒకటి చెబుతాయి, మీకు ఎవరైనా ఆశ చూపితే తెలిసి ఉండాలని రాస్తున్నాను. నెల పొడవునా ఐదు నిమిషాలకొకసారి మీ వేగం కొలిచి, ఆ కొలతల్లో అత్యధికమైన 5 శాతాన్ని వదిలేసి, మిగిలినవాటిలో పెద్దదానికి డబ్బు తీసుకుంటారు. ముప్పై రోజుల నెలలో 5 శాతం అంటే 36 గంటలు. మీ కచేరీ మొత్తం పన్నెండు గంటలే కనుక అదంతా వదిలేసిన భాగంలోనే పడి బిల్లు సున్నా రావాలి కదా అని సంబరపడనక్కర్లేదు. ఈ కిటుకు వారికీ తెలుసు, అందుకే నెలకు కనీస మొత్తం కట్టాలన్న నిబంధన ఆ కాగితంలో ఎక్కడో ఉంటుంది. ఏడాదికి మూడు రోజులు ప్రసారం చేసేవారికి ఆ దారి వద్దు.

చిన్న పద్దులు త్వరగా చెప్పేస్తాను. ఫోన్లకు ప్రసారాన్ని అందించే హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతిలో దృశ్యం చిన్న చిన్న ముక్కలుగా వెళుతుంది, ప్రేక్షకుడి ఫోను ఒక్కొక్క ముక్కనూ, వాటి జాబితానూ అడిగి తెచ్చుకుంటుంది. ముక్క ఆరు సెకన్లయితే ఒక ప్రేక్షక గంటకు పన్నెండు వందల అభ్యర్థనలు, మీ మొత్తానికి 43 లక్షలు. క్లౌడ్‌ఫ్రంట్‌లో నెలకు కోటి దాకా ఉచితం కనుక బాధ లేదు. ఆలస్యం తగ్గుతుందని ఎవరో చెప్పారని ముక్కను రెండు సెకన్లకు దింపితే 1 కోటి 30 లక్షలకు చేరి ఉచిత పరిమితి దాటుతుంది. కచేరీ ఇరవై ముప్పై సెకన్లు ఆలస్యంగా వినిపిస్తే ఎవరికీ నష్టం లేదు, ఆరులోనే ఉంచండి. ఒకరితో ఒకరు మాట్లాడుకునే పాఠాల వంటివాటికి వెబ్‌ఆర్‌టీసీ అనే వేరే పద్ధతి ఉంది, అగోరా వంటి సంస్థలు అటువంటి వాడకానికి నెలకు మొదటి 10,000 నిమిషాలు ఉచితంగా ఇస్తారు. మీ తరగతులకు బాగుంటుంది గాని మూడు వందల మంది శ్రోతలకు అక్కర్లేదు.

నిల్వ విషయం దాదాపు ఖర్చే కాదు. రెండు నాణ్యతల్లో పన్నెండు గంటలు కలిపి ఇరవై జీబీ, అమెజాన్ ముంబయి కేంద్రంలో జీబీకి నెలకు రెండున్నర సెంట్లు, అంటే అర్ధ డాలరు. అయితే ఆ రికార్డింగును తరువాత ఎవరు చూసినా ప్రత్యక్షంగా చూసినప్పటి చేరవేత ధరే మళ్లీ పడుతుంది. టికెట్ కొన్నవారికి నెల రోజులు మళ్లీ చూసుకునే వీలు ఇస్తానంటే నా 3,600 ప్రేక్షక గంటల అంచనాకు ఇంకో సగమైనా కలుపుకోండి. ఇది అడగకుండానే మీరు టికెట్ ధర నిర్ణయిస్తారేమోనన్నదే నా భయం.

లింకు దొంగతనం గురించి ఒక్క మాట. వీడియో చిరునామాను ఎవరైనా కాపీ చేసి తమ పేజీలో పెట్టుకుంటే వారి ప్రేక్షకుల విస్తళ్ల ఖర్చు కూడా మీ బిల్లులోనే వస్తుంది. కొద్దిసేపటికే చెల్లిపోయే సంతకపు లింకులు (మీ వెబ్‌సైటు అనుమతి ముద్ర ఉంటేనే తెరుచుకునేవి) ఇచ్చే సౌకర్యం క్లౌడ్‌ఫ్రంట్‌లోనూ, క్లౌడ్‌ఫ్లేర్ స్ట్రీమ్‌లోనూ ఉంది. మీ వెబ్‌సైటు చేసే అబ్బాయిని దాన్ని తప్పక పెట్టమనండి.

ఈ ధరలన్నీ డాలర్లలోనివి, నేను రాస్తున్న నాటికి ప్రకటించి ఉన్నవి, పన్నులు కలపనివి. డాలరును 90 రూపాయలుగా అనుకుంటే నిమిషాల పద్ధతిలో 221 డాలర్లకు 19,890 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 23,470 దాకా. 480పీ పెట్టి జీబీ పద్ధతిలో వెళితే చేరవేత 84 డాలర్లకు పన్నుతో కలిపి తొమ్మిది వేల లోపే, పైన మండపం అద్దె. మీ కార్డు మీద విదేశీ చెల్లింపులకు బ్యాంకు వేసే అదనపు రుసుము ఎంతో కూడా కనుక్కోండి.

మీ స్థానంలో నేనైతే జీబీ పద్ధతిలోనే వెళతాను, 480పీ, 900 కేబీపీఎస్, శబ్దం 192. ఉత్సవానికి రెండు వారాల ముందు ఒక సాయంత్రం మీ తరగతినే గంటసేపు ప్రసారం చేసి, పదిమంది శిష్యులను ఇంటి దగ్గర నుంచి చూడమనండి. మరునాడు సాయంత్రం బిల్లింగ్ పేజీలో చేరవేత ఎంత చూపిస్తుందో చూడండి. 5 జీబీ చుట్టుపక్కల ఉంటే అన్నీ సరిగానే ఉన్నాయి. 12 జీబీ కనిపిస్తే 720పీ నాణ్యత ఎక్కడో ఇంకా తెరిచి ఉంది, ఎన్‌కోడరులోనూ, ఛానల్ అమరికలోనూ రెండు చోట్లా వెతకండి. ఆ రాత్రే ఛానల్ నిజంగా ఆగిందో లేదో కూడా తెరిచి చూడండి.